నేరేడుకంచెలో దిగని విమానం

వసుధ నలభై దాటాక కారు నడపడం నేర్చుకున్నది అమ్మమ్మ మోకాళ్ల కోసమే. అనసూయమ్మకు తొంభై దగ్గర పడుతున్నాయి. ఆమెను ఆటో ఎక్కించాలంటే ఒకరు కింద నుంచి ఎత్తాలి, ఒకరు లోపలి నుంచి లాగాలి. వసుధ భర్త తిరుమల్‌కు కాజీపేటలో ఉద్యోగం, ఇంటికి వచ్చేది వారానికోసారి. అతను కొన్న కారు మిగతా రోజులన్నీ చిలకలగూడ సందులో కవరు కప్పుకుని గోడవారగా నిలబడి ఉండేది. ఆసుపత్రికి వెళ్లాల్సిన ప్రతిసారీ డ్రైవరు కోసం ఫోన్లు చేసీ చేసీ విసిగిపోయి, చివరికి తానే నేర్చుకుంటానంది.

నేర్పడానికి వచ్చిన ఓంప్రకాశ్ నిదానస్తుడు. సీతాఫల్‌మండి రోడ్డు మీద బస్సు హారన్ వినగానే వసుధ బ్రేకు తొక్కేయడం చూసి, ఆదివారం పొద్దున్నే ఊరి బయటికి పోదామన్నాడు. అల్వాల్ దాటాక లోపలికి తిరిగితే పాత ఎయిర్‌స్ట్రిప్ ముక్క ఒకటి ఉందట. యుద్ధం నాటిదట. కొత్తగా నేర్చుకునేవాళ్లను అక్కడికే తీసుకుపోతాడట.

"ఆడ గుద్దుదామన్నా ఏం దొరకది మేడమ్, పరేషాన్ గాకుండ్రి" అన్నాడు.

ఆదివారం పనిమనిషి రాదు గనక, అమ్మమ్మను ఇంట్లో ఒంటరిగా వదలడం ఇష్టంలేక వసుధ ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టింది. ఎక్కడికని అనసూయమ్మ అడగలేదు. కారెక్కడమే ఆమెకు సంబరం. బొల్లారం దాకా దుకాణాల బోర్డులు చూసుకుంటూ వచ్చి, తర్వాత కునుకు తీసింది.

చుట్టూ కొత్త కాలనీలు, సగం కట్టిన విల్లాలు. వాటి మధ్య వెడల్పాటి నల్లటి దారి ఒకటి, ఎక్కడా మొదలుకాకుండా ఎక్కడికీ పోకుండా, ఎండలో పడి ఉంది. పగుళ్లలో గడ్డి మొలిచింది. ఒక అంచున ఎవరో మక్కకంకులు ఆరబోశారు. ఎడమవైపు ఏనుగుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగిన పెద్ద పెద్ద రాతి గుండ్లు. వసుధ కారును ఆ చివరి దాకా నడిపి, తిప్పి, మళ్లీ ఈ చివరికి తెచ్చింది. రెండుసార్లు అలా తిరిగేసరికి భయం కొంత తగ్గింది. మళ్లీ గుండ్ల పక్క నుంచి పోతుండగా వెనక నుంచి అమ్మమ్మ గొంతు వినబడింది.

"ఆపు బిడ్డా. ఇది మా ఊరు."

అమ్మమ్మ పుట్టిన ఊరు నేరేడుకంచె అని వసుధకు తెలుసు గాని, అది ఎక్కడుందో ఎన్నడూ చూడలేదు. ఆ పేరు ఇప్పుడు ఏ బోర్డు మీదా లేదు. చుట్టాలంతా ఎప్పుడో చెదిరిపోయారు. అనసూయమ్మ అద్దం కిందికి దించమని చెప్పి, గుండ్లకేసి చాలాసేపు చూసింది. తర్వాత చేతులెత్తి దండం పెట్టింది. గుడి లేదు, రాయికి పసుపూ లేదు. ఎవరికి మొక్కుతున్నావని వసుధ అడిగింది. అప్పుడు చెప్పింది అనసూయమ్మ, కారులో కూర్చునే.

నైజాం కాలంలో నేరేడుకంచె చిన్న పల్లె. జొన్న, కంది, కొంచెం పల్లి పండేవి. ఒక ఎండాకాలం సర్కారు మనుషులు గొలుసులు పట్టుకొచ్చి చేలు కొలిచారు. జపానువాళ్లు బర్మా దాకా వచ్చేశారనీ, సముద్రం ఒడ్డు ఊళ్ల మీద బాంబులు పడ్డాయనీ, అందుకే ఇక్కడ యుద్ధ విమానాలకు మైదానం కడుతున్నారనీ పట్వారీ చెప్పాడు. ఊరివాళ్లకు అర్థమైంది ఒక్కటే, చేలు పోయాయని. పోయిన చేల మీదే వాళ్లకు కూలి దొరికింది. మగవాళ్లు గుండ్లు పగలగొట్టారు, ఆడవాళ్లు కంకర కొట్టారు, తట్టలతో మొరం మట్టి మోశారు. దున్నపోతులు రాతి రోలరు లాగాయి, ఆ పైన తారు పడింది. అనసూయమ్మ అవ్వా అని పిలిచే తల్లి పోశవ్వ తమ కందిచేను మీద తానే మొరం పోసింది.

అది పూర్తయ్యాక విమానాలు వచ్చాయి. ఒక్క మనిషి పట్టేంత చిన్నవి, గాలిమోటర్లు అనేవాళ్లు ఊళ్లో. పొద్దున లేచి గుండ్ల మీదుగా రెండు మూడు చుట్లు తిరిగి, ఎండ ముదిరేలోగా దిగేవి. వాటిని నడిపే కుర్రవాళ్లందరినీ ఊరివాళ్లు దొరలనే పిలిచేవారు. వానలకు దారి గుంతలు పడితే పూడ్చే పని పల్లె ఆడవాళ్లదే. విమానం మోత దూరం నుంచే వినబడేది. మేస్త్రీ ఈల ఊదగానే తట్టలెత్తుకుని పక్కకు ఉరికేవాళ్లు. అది పోయాక మళ్లీ వచ్చి పని చేసుకునేవాళ్లు.

అనసూయమ్మకు పాలపళ్లు ఊడుతున్న వయసు. తల్లి మొరం పోస్తుంటే తమ్ముణ్ని ఆడించడం ఆమె పని. మూడు కర్రలు నిలబెట్టి చీరతో కట్టిన తొట్టెలలో వాడు నిద్రపోతున్నాడు. ఆ రోజు పొద్దున రెండు విమానాలు ఎగిరాయి. ఒకటి దిగింది. రెండోదాని మోత ఎవరికీ వినబడలేదు. దాని ఇంజను ఆకాశంలోనే ఆగిపోయింది.

"సప్పుడు లేదు బిడ్డా. గద్ద దిగినట్టు దిగింది" అంది అనసూయమ్మ. "నేనే ముందు జూసిన. అవ్వా అని ఒర్లిన. అందరు తలకాయలెత్తిండ్రు గని ఎవ్వలకు కాళ్లు కదల్లే. మా అవ్వ తమ్ముని దిక్కు ఉరికింది, సరిగ తొవ్వకు అడ్డంగ. అది మా మీదికే వస్తుంది. ఆయన చెయ్యి బయటపెట్టి గిట్ల ఊపిండు, తప్పుకోండ్రని. మేం తప్పుకుంటే గద. గప్పుడు రెక్క వంచి గుండ్ల దిక్కు తిప్పిండు. సక్కగ వస్తే ఆయన బతుకుతుండె. మేమే సస్తుంటిమి."

ఓంప్రకాశ్ ఇంజను ఆపేశాడు.

మిగిలింది కూడా అనసూయమ్మ నెమ్మదిగా చెప్పింది. మర్నాడు ఒక కారు వచ్చింది. అందులోంచి గౌను తొడుక్కున్న ఒకావిడ, కత్తిరించిన జుట్టుతో ఒక ఆడపిల్ల, ఇత్తడి గుండీల తెల్లకోటు వేసుకున్న పెద్దమనిషి దిగారు. చనిపోయినవాడి తల్లిదండ్రులని మేస్త్రీ చెప్పాడు. పెద్దమనిషి అధికారులతో గుండ్ల దగ్గరికి పోయాడు. పోశవ్వ పరుగెత్తుకెళ్లి ఆ తల్లి కాళ్ల మీద పడింది. నీ కొడుకు మమ్మల్ని బతికించాడని తెలుగులో చెప్పి ఏడ్చింది. ఆమెకు అర్థం కాలేదు. కాళ్లు వెనక్కి లాక్కుంది. మేస్త్రీ వచ్చి పోశవ్వను అదిలించి పంపేశాడు. చెప్పుకోలేకపోయామన్న బాధ పోశవ్వకు చచ్చేదాకా పోలేదు.

యుద్ధం అయిపోయిన కొద్దికాలానికే విమానాలు వెళ్లిపోయాయి. షెడ్ల రేకులు ఎవరో ఊడదీసుకుపోయారు. ఊరివాళ్లు రన్‌వే మీద జొన్నలు ఆరబోసుకున్నారు, పెళ్లిళ్లకు అక్కడే విస్తళ్లు వేశారు. అనసూయమ్మ పెళ్లయి చిలకలగూడ వచ్చింది. ఒకసారి సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు చివరి పెట్టె దగ్గర పచ్చజెండా పట్టుకుని నిలబడ్డ గార్డును చూసి ఆగిపోయింది. అదే తెల్లకోటు, అవే గుండీలు. ఆ రోజు వచ్చిన పెద్దమనిషి మిలిటరీ దొర కాదు, రైలు గార్డని అప్పుడు తెలిసింది. భర్త చేత అడిగించింది. టైలరు పని చేసే ఆయన లాలాగూడలో తనకు తెలిసిన ఒకరిద్దరిని అడిగాడు. పేరు తెలియకుండా ఎవరినని చెబుతామన్నారు వాళ్లు. అంతటితో ఆగిపోయింది.

ఇంటికి తిరిగి వస్తున్నంతసేపూ వసుధ ఆ గార్డు గురించే ఆలోచించింది. ఊరివాళ్లు దొర అనుకున్నవాడు సముద్రాలు దాటి వచ్చినవాడు కాదు. కన్నవాళ్లు మర్నాటికే కారులో రాగలిగారంటే, వాళ్ల ఇల్లు ఇక్కడే ఎక్కడో ఉండి ఉండాలి. లాలాగూడ, మెట్టుగూడల్లో ఆ రోజుల్లో రైల్వేలో పనిచేసే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. ఇప్పటికీ కొందరున్నారు.

వసుధ పనిచేసేది రైల్వే ఆఫీసులో. పక్క సెక్షన్‌లో ప్రేమమణి ఉంటుంది, మెట్టుగూడ ఆమెది. సోమవారం భోజనాల దగ్గర వసుధ ఈ సంగతి చెబుతుంటే ప్రేమమణి తినడం ఆపేసింది. ప్రతి నవంబరులో తమ చర్చిలో చనిపోయినవాళ్ల పేర్లు చదువుతారనీ, అందులో ఇవాన్ అనే పేరు ఒకటి చిన్నప్పటి నుంచీ వింటున్నాననీ అంది. విమానం కూలి చనిపోయాడట. వాళ్ల నాన్న గార్డు. చెల్లెలు మేబెల్ ఇంకా ఉంది. రైల్వే స్కూల్లో చిన్నపిల్లలకు చదువు చెప్పింది, పెళ్లి చేసుకోలేదు. ఇప్పటికీ అందరికీ మేబెల్ మిస్సే.

"గని జెర ఆలోచించు వసుధా" అంది ప్రేమమణి. "మిస్‌కు ఆ ముచ్చట తీస్తే ఇష్టముండది. ఇవాన్ షోకుకు కిందికి ఎగిరి గుండ్లకు గుద్దుకున్నడని అప్పట్ల కొందరు అన్నరంట. ఇంట్ల వాళ్లు సుత నమ్మిండ్రో ఏమో."

ఆ మాట విన్నాక వెళ్లకుండా ఉండడం వసుధ వల్ల కాలేదు. వస్తున్నామని ప్రేమమణి మేబెల్‌కు ముందే ఫోన్ చేసి చెప్పింది, శనివారం మధ్యాహ్నం బయల్దేరారు. తిరుమల్ వచ్చి ఉన్నాడు, అతనే కారు నడిపాడు. ఎక్కడికి పోతున్నామో చెప్పగానే అనసూయమ్మ పెట్టెలోంచి ఉతికిన నేతచీర తీయించుకుని కట్టుకుంది.

మేబెల్ ఇల్లు ఒక పాత పెంకుటింట్లో సగభాగం. ముందు వరండాలో క్రోటన్ కుండీలు. ఆమె సన్నగా, నిటారుగా, పూల గౌనులో వాకర్ పట్టుకుని ఎదురొచ్చింది. చెవికి వినికిడి మిషను. గదిలో గోడ మీద ఒక కుర్రవాడి ఫోటో, ఎండకు కళ్లు చికిలించి నవ్వుతున్నాడు. వసుధ అమ్మమ్మకేసి చూసింది. అనసూయమ్మ ఫోటోను చూసి తల అడ్డంగా ఊపింది. మొకం యాదికి లేదని, చెయ్యి ఒక్కటే యాదికున్నదని మెల్లగా చెప్పింది.

మేబెల్ అందరినీ కూర్చోమని, టీ తాగుతారా అని అడిగింది. వసుధ నేరేడుకంచె పేరు ఎత్తగానే ఆమె ముఖం బిగుసుకుంది. అది ప్రమాదం అని టెలిగ్రాంలో వచ్చిందనీ, అంతకు మించి తమకు తెలియదనీ, తెలుసుకోవాలనీ లేదనీ ఇంగ్లిషులో అంది. మర్యాదగానే అంది. కానీ చేతులు ఒళ్లో ముడుచుకుపోయాయి. ప్రేమమణి ఇబ్బందిగా వసుధ వైపు చూసింది.

ఆ మాటలేవీ అనసూయమ్మకు అర్థం కాలేదు. ఆమె తిరుమల్ భుజం పట్టుకుని లేచింది. ఏం చేస్తోందో వాళ్లకు తెలిసేలోపే, అరిగిపోయిన మోకాళ్లతో, నొప్పికి పళ్లు బిగబట్టి, కుర్చీ ముందు నేల మీదికి దిగి మేబెల్ పాదాలు రెండు చేతులా పట్టుకుంది.

మేబెల్ ఉలిక్కిపడి కాళ్లు వెనక్కి లాక్కుంది. లాక్కున్నది లాక్కున్నట్టే ఉండిపోయింది. చాలాసేపు నేల మీద ఉన్న ముసలామెను చూసింది. తర్వాత స్కూలు పిల్లలతో మాట్లాడిన తెలుగులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది.

"ఒక ఆమె... మమ్మీ కాళ్లు పట్టుకున్నది. అక్కడ, గుండ్ల దగ్గర. నేను చూసిన. నేను చిన్నపిల్ల."

"మా అవ్వ" అంది అనసూయమ్మ.

ఆ తర్వాత అనసూయమ్మ కింద కూర్చునే అంతా చెప్పింది. మేబెల్ వంగి, మిషను ఉన్న చెవిని ఆమెకు దగ్గరగా పెట్టి వింది. ఇంజను ఆగిన సంగతి, గుంతలు పూడుస్తున్న ఆడవాళ్లు, తొట్టెల, ఊపిన చెయ్యి, వంచిన రెక్క. రెక్క దగ్గరికి వచ్చేసరికి ఆపమని సైగ చేసి, వసుధను ఆ ఒక్క మాటే ఇంగ్లిషులో మళ్లీ చెప్పమంది. తానే తిప్పాడా? తెలిసే తిప్పాడా? వసుధ అవునంది. మేబెల్ రెండోసారి కూడా చెప్పించుకుంది.

తర్వాత ఆమె మాట్లాడడం మొదలుపెట్టి, ఇక ఆగలేదు. తెలుగూ హిందీ ఇంగ్లిషూ కలిసిపోయిన ఆ మాటల్ని ప్రేమమణి మధ్యమధ్య సర్దిచెప్పింది. ఇవాన్ ఆటకు ఎగిరి ప్రాణం పోగొట్టుకున్నాడని ఎవరో అన్న మాట వాళ్ల డాడీ చెవిన పడిందట. ఆయన నమ్మలేదు, కాదనీ అనలేకపోయాడు. రిటైరయ్యేదాకా బండ్లు నడిపించాడు గాని ఇంట్లో కొడుకు పేరు ఎత్తలేదు. ఆ రోజు కాళ్లు పట్టుకున్న ఆమె అడుక్కోవడానికి వచ్చిందని మమ్మీ అనుకుంది. కొడుకు పోయిన చోట కూడా చెయ్యి చాపారని తలుచుకుని తలుచుకుని బాధపడేది.

"అడుక్కోనీకి కాదు అక్కా" అంది అనసూయమ్మ. మేబెల్ తనకంటే పెద్దదని వయసు అడిగి తెలుసుకుంది అప్పటికే. "ఆ తల్లికి చెప్పుకోనీకి వచ్చింది. చెప్పుకోలేకపోయె. గందుకని మా అవ్వ ప్రతి బోనాలకు అమ్మవారి కాడ పెట్టినంక ఒక ముద్ద పక్కకు తీసేది. ఎవ్వలు కన్న బిడ్డనో, ఆయన ఆకలితో ఉండొద్దని. అవ్వ పోయినంక నేను తీస్తున్న. ఏ ఏడు సుత తప్పలే."

ఆషాఢంలో అమ్మమ్మ ఒక ముద్ద విడిగా ఆకులో పెట్టి మేడ మీదికి పంపడం వసుధకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పెద్దలకని అనుకునేది. ఎవరికని ఎప్పుడూ అడగలేదు.

ముద్ద అంటే ఏమిటని మేబెల్ అడిగింది. అన్నం, బెల్లం, పెరుగు కలిపి అని ప్రేమమణి చెప్పింది. మేబెల్ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఇవాన్‌కు ఎప్పుడూ ఆకలే" అంది. "నా ప్లేట్‌లోది కూడా తినేసేవాడు."

కింద కూర్చున్న అనసూయమ్మను లేపడానికి తిరుమల్, వసుధ, ప్రేమమణి ముగ్గురూ కావాల్సి వచ్చింది. లేచాక మేబెల్ ఆమెను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది. ఆ మధ్యాహ్నం వాళ్లు చాలాసేపు ఉన్నారు. డాడీకి ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉంటే అని మేబెల్ ఒకటి రెండుసార్లు అంది. మళ్లీ తనే, పోనీ నాకు తెలిసింది, నేను పోయి చెబుతానంది. పోశవ్వ పేరు అడిగి, నోటికి వచ్చేదాకా పలికి చూసుకుంది. ఈసారి ఇవాన్ పేరు చదివేటప్పుడు ఆమె పేరు కూడా చదవమని ఫాదర్‌ను అడుగుతానంది. బయల్దేరుతుంటే గుమ్మంలో ఆగి మరో ప్రశ్న వేసింది. ఆ తొట్టెలలో ఉన్న బాబు ఏమయ్యాడు?

ఆ బాబు పేరు పర్వతాలు. ఎనభై ఏళ్లు. బొల్లారంలో పూల దుకాణం పెట్టి, ఇప్పుడు కొడుకులకు అప్పగించి కూర్చున్నాడు. తనకు తెలియకుండా తన ప్రాణం ఒకరు కాపాడారని తల్లి చెప్పగా విన్నాడు గాని, ఆ మనిషికి ఒక చెల్లెలు ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. వసుధ ఫోన్ చేస్తే ఆమె ఇల్లెక్కడో అడిగాడు. తర్వాత ఆదివారం అందరం వస్తమని మాత్రం అన్నాడు.

అందరం అన్నది అందరూ. కొడుకులు, కోడళ్లు, కూతురు, అల్లుడు, మనవలు, ఒక మునిమనవరాలు. రెండు ఆటోలు, ఒక టాటా ఏస్. మేబెల్ ఇంట్లో కుర్చీలు చాలక పిల్లలు వరండా గోడ మీద ఎక్కి కూర్చున్నారు. కొడుకు దుకాణం నుంచి గంపెడు బంతిపూలు, ఒక గులాబీల దండ తెచ్చాడు. ప్రేమమణి ఇంట్లో వండి తెచ్చిన తీపి గులాబీ పువ్వులు పళ్లెం నిండా పెడితే నిమిషంలో అయిపోయాయి. పర్వతాలు తెల్ల ధోతీ కట్టుకుని, తువ్వాలు భుజం నుంచి తీసి చేతిలో పట్టుకుని, ఫోటో ముందు నిలబడ్డాడు. దండ వేయడానికి చేతులు అందలేదు. ఒక మనవడు స్టూలు తెచ్చాడు. అతన్ని ఎక్కనివ్వక తనే ఎక్కి వేశాడు. కింద ఇద్దరు పట్టుకున్నారు.

దిగాక మేబెల్ అతన్ని దగ్గరికి పిలిచింది. వచ్చి ముందు కూర్చుంటే తెల్లజుట్టు మీద చెయ్యి పెట్టి, చెవులు, భుజాలు తడిమి చూసింది. బడిలో చేరిన పిల్లవాణ్ని చూసినట్టే చూసింది. ఇంట్లో ఉన్న వాళ్లందరినీ ఒక్కొక్కరిగా పేర్లు చెప్పమంది. వాళ్లు చెబుతుంటే తనూ పలికింది. కొన్ని తప్పు పలికింది, పిల్లలు నవ్వి సరిదిద్దారు.

మునిమనవరాలికి రెండేళ్లు ఉంటాయేమో. ఎవరి ఒళ్లోనూ కుదురుగా ఉండక ఆ పాప గదంతా తిరిగి, చివరికి మేబెల్ వాకర్ పట్టుకుని దాన్ని తోయడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ లేచి తీసుకోబోతే మేబెల్ వద్దంది.

"ఉండనీ" అంది. "నాకు ఇప్పుడు ఎక్కడికీ పోయే పని లేదు."